క్రాసింగ్ అంకుల్

ఆ చలికాలమంతా క్రాసింగ్ అంకుల్ నా కలలోకి ఒక్కసారి కూడా రాలేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. వచ్చాడని మాత్రం దాదాపు ప్రతి ఉదయం చెప్పాను. ఎక్కడ నిలబడ్డాడో, ఎటువైపు తిరిగి చూశాడో, చేతి తొడుగులు ఎంత తెల్లగా ఉన్నాయో వివరంగా చెప్పాను. అబద్ధమని బయటపడ్డ రోజున కూడా నా నోటితో ఒప్పుకోలేదు. నాకు అసలు కలలే రావు. పడుకుంటే లైటు ఆర్పినట్టుంటుంది, కళ్ళు తెరిస్తే తెల్లారి ఉంటుంది.

క్రాసింగ్ అంకుల్ అన్నది మేం పెట్టిన పేరు. మేం చూసిన హారర్ సీరీస్‌లో అతనికి పేరు లేదు. బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే ముసలాయనలా ఉంటాడు. నారింజ రంగు జాకెట్, కర్రకి బిగించిన ఎర్రటి స్టాప్ బోర్డు, తెల్లటి తొడుగులు. నిద్రపోతున్నవాళ్ళ కలలో ఒక రోడ్డు కనిపిస్తుంది, దానిమీద మంచు. అతను బోర్డు ఎత్తుతాడు, కార్లన్నీ ఆగిపోతాయి, మర్యాదగా చెయ్యి చాపుతాడు. ఆ చెయ్యి పట్టుకున్నవాళ్ళు అవతలి పక్కకి చేరరు. పొద్దున్న ఇంట్లోవాళ్ళు దుప్పటి తీసి చూస్తే ఊపిరి ఉండదు, పాదాలు మాత్రం మంచులో నడిచి వచ్చినట్టు తడిగా ఉంటాయి. రక్తం ఎక్కడా చూపించరు. ఆ తడి పాదాలనే చాలాసేపు చూపిస్తారు. అతను ఎందుకు చంపుతాడో మొదటి సీజన్ అంతా చెప్పలేదు. నాకు అది నచ్చింది. రెండో సీజన్‌లో కారణం చెప్పాక సీరీస్ పాడైపోయింది.

తప్పించుకోవడానికి ఒకే దారి ఉంది. కల వచ్చినవాళ్ళు లేచాక వేరే ఏ మాటా మాట్లాడకముందే ఆ కలను ఇంకో మనిషికి చెప్పెయ్యాలి. చెబితే అతను విన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాడు. భర్త భార్యకి చెబుతాడు, తల్లి కూతురికి చెబుతుంది. పొద్దున్నే ఎవరైనా నోరు తెరిస్తే చాలు, పక్కవాళ్ళు చెవులు మూసుకుని పరిగెడతారు. చంపేది అతనే అయినా, ఆ ఊరి వాళ్ళు ఒకరినొకరు అప్పగించుకోవడమే కథ.

దీన్ని నాకు చూపించింది మా అక్క. సొంత అక్క కాదు, మా పెదనాన్న కూతురు. హైదరాబాద్ నుంచి ఎం.ఎస్. చదవడానికి మిచిగన్ వచ్చింది. చదువు అయిపోగానే గది ఖాళీ చేసి, అక్కడే నోవై అనే ఊళ్ళో ఉన్న మా ఇంటికి రెండు సూట్‌కేసులతో దిగింది. ఉద్యోగం దొరికేదాకా ఇక్కడే ఉంటుందని నాన్న చెప్పాడు. చదువయ్యాక ఉద్యోగం లేకుండా ఈ దేశంలో ఉండగలిగే రోజులకి ఒక హద్దు ఉంటుంది. ఆ లోపల ఎవరైనా తీసుకోకపోతే తిరిగి వెళ్ళిపోవాలి. ఆ హద్దు మా ఇంట్లో అందరికీ తెలుసు. పైకి అనేది మా నాన్న ఒక్కడే. రోజూ కాఫీ కప్పుతో వంటింట్లో నిలబడి, అక్క మెట్లు దిగుతుంటే అడిగేవాడు.

"ఏం బిడ్డా, ఏమన్న కదిలిందా?"

"లేదు బాబాయ్."

"కదలాలె మరి. కూసుంటే ఎట్ల కదుల్తది?"

అంటూ నవ్వేవాడు. అక్క కూడా నవ్వేది. ఆ నవ్వు అయిపోయాక ఆమె ముఖం ఎలా ఉండేదో నేను చూసేదాన్ని, ఎందుకంటే నేను ఎప్పుడూ టేబుల్ చివర కూర్చునేదాన్ని, నన్ను ఎవరూ చూసేవాళ్ళు కాదు.

అప్పుడు నేను హైస్కూల్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఎనిమిదేళ్ళ వయసులో ఈ దేశానికి వచ్చాను. వచ్చినప్పటి నుంచీ మాట్లాడడం తగ్గిపోయింది, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. చదవడం, రాయడం మాత్రం మానలేదు. బేస్‌మెంట్‌లో హీటర్ పక్కన నాన్న పాత పుస్తకాల పెట్టెలు ఉండేవి. స్కూల్ నుంచి రాగానే అక్కడికి దిగిపోయేదాన్ని. డైరీ రాసేదాన్ని. ఇవేవీ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, నేనూ చెప్పలేదు.

అక్క వచ్చిన మొదటిరోజే భోజనాల దగ్గర నా వైపు తిరిగింది.

"ఏందే, మాట్లాడవా? మ్యూట్‌ల పెట్టిన్రా నిన్ను?"

అమ్మా నాన్నా ఇద్దరూ నవ్వారు. నాన్న మరీ గట్టిగా నవ్వాడు. ఆ రోజు నుంచి నా పేరు మ్యూట్. "మ్యూట్, నీళ్ళియ్యి." "మ్యూట్, నా చార్జర్ ఏదే?" గెస్ట్ రూమ్‌ను నాన్న ఆఫీసుకి వాడుకుంటున్నాడు కాబట్టి అక్కకి నా గది ఇచ్చారు. నా మంచం ఆమె తీసుకుంది. నేను కింద పరుపు వేసుకున్నాను.

మధ్యాహ్నం దాకా లాప్‌టాప్ ముందు కూర్చుని అప్లికేషన్లు పంపేది. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి అదే లాప్‌టాప్‌లో సీరీస్ పెట్టుకుని నా కోసం ఎదురుచూసేది. నా మీద ప్రేమతో కాదు, ఒంటరిగా చూడాలంటే ఆమెకి భయం.

"కూసో పక్కన. మాట్లాడకు. నీకెట్లాగూ రాదు కద."

నేను కూర్చునేదాన్ని. భయపడే చోట వచ్చినప్పుడు నా మోచేతిని గోళ్ళు దిగేలా పట్టుకునేది. ఆ గుర్తులు మర్నాడు స్కూల్‌లో స్లీవ్ పైకి లాగి చూసుకునేదాన్ని. నాకు అవి ఇష్టంగా ఉండేవి. ఎవరో నన్ను పట్టుకున్నారన్నదానికి సాక్ష్యంలా ఉండేవి.

జనవరిలో ఒక కంపెనీ వాళ్ళు ఫోన్‌లో ఇంటర్వ్యూ చేశారు. మధ్యలో ఆమె తడబడి ఆగిపోయింది. వాళ్ళు మళ్ళీ పిలవలేదు. అప్పటి నుంచి క్రాసింగ్ అంకుల్ అక్క కలలోకి రావడం మొదలైంది. రోడ్డుకి అవతల నిలబడి బోర్డు ఎత్తుతున్నాడట, రోజుకో అడుగు దగ్గరికి వస్తున్నాడట. నిద్రంటే భయపడి మెలకువగా పడుకునేది. పగలు అప్లికేషన్ నింపుతూ కునికిపాట్లు పడేది. ఒకసారి రిక్రూటర్ ఫోన్ చేస్తే నిద్రమత్తులో తను చదివిన యూనివర్సిటీ పేరే తప్పు చెప్పింది. నిద్ర లేకపోతే ఇంటర్వ్యూ దాటలేదు, ఇంటర్వ్యూ దాటకపోతే ఇక్కడ ఉండలేదు. ఇది నాకు ఆమె చెప్పకపోయినా అర్థమైంది.

అమ్మ దీనికి ఒక ఉపాయం చెప్పింది. అది మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్నదే.

"చెడ్డ కల వస్తే నోరు విప్పకుండా లేచి వెళ్ళి, కుళాయి తిప్పి పారే నీళ్ళకి చెప్పెయ్యమ్మా. నీళ్ళు పట్టుకుపోతాయి. మనిషికి మాత్రం చెప్పకు, విన్నవాళ్ళకి అంటుకుంటుంది."

"మా నానమ్మ గూడ ఇదే చెప్పేది పిన్నీ," అంది అక్క. తర్వాత పైకి వచ్చాక నాతో అంది, "చూసినవా? సీరీస్ తీసినోళ్ళకి గూడ తెలుసు. ఊరికే తీయలే."

బీటెక్ చేసి, ఎం.ఎస్. చేసి, కార్లలో బ్రేకులు ఎలా పనిచేస్తాయో ప్రాజెక్టు రాసిన మనిషి. మొదట నవ్వుతూనే చేసింది. పెదాలు బిగబట్టి లేచి బాత్‌రూమ్‌కి వెళ్ళేది. సింక్‌లో నీళ్ళ చప్పుడు, ఆ చప్పుడు కింద ఆమె గొణుగుడు వినిపించేవి. కొన్నాళ్ళకి నవ్వడం మానేసింది.

ఆ తర్వాత గట్టి చలి పడింది. అలాంటప్పుడు మా ఊళ్ళో బయటి గోడకి ఆనుకున్న పైపులు గడ్డకట్టకుండా కుళాయి సన్నగా వదిలిపెట్టి పడుకుంటారు. పైన బాత్‌రూమ్ కుళాయి అలాగే వదలమని అమ్మ చెప్పింది. ఆ చుక్కల చప్పుడుకి నిద్ర పట్టడం లేదని అక్క దాన్ని గట్టిగా బిగించేసింది. పొద్దున్న తిప్పితే గాలి కూడా రాలేదు.

నేను పరుపు మీద లేచి కూర్చున్నాను. అక్క బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడి ఉంది, పెదాలు బిగించి. కిందికి వెళ్తే వంటింట్లో నీళ్ళున్నాయి, కానీ అక్కడ నాన్న కాఫీ కప్పుతో నిలబడి ఉంటాడు, ఏమన్న కదిలిందా అని అడుగుతాడు, జవాబు చెప్పక తప్పదు. అక్క కిటికీ వైపు చూసింది. మెట్ల వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆమె నిర్ణయించుకున్న క్షణం నాకు స్పష్టంగా తెలిసింది. వచ్చి నా పరుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నా చెవి దగ్గర నోరు పెట్టి, కల మొత్తం చెప్పేసింది.

చెప్పడం అయ్యాక వెనక్కి జరిగి, నా ముఖంలోకి చూసి నవ్వింది.

"సారీ. నీకే ఇచ్చేసిన."

ఆ రాత్రి అక్క హాయిగా నిద్రపోయింది. మర్నాడు నేను లేచేసరికి నా పరుపు మీద నా పక్కనే కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది, కళ్ళు తేటగా ఉన్నాయి. కల తిరిగి తనకి అంటకుండా ముందు నాతో గుడ్ మార్నింగ్ అనిపించి, తర్వాత అడిగింది.

"వచ్చిండా?"

ఆ ఇంట్లో నన్ను ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగిన మనిషి అంతకుముందు లేరు. నిజం చెప్పి ఉంటే లేచి వెళ్ళిపోయేది. ఆ రాత్రికి మళ్ళీ అతను ఆమె రోడ్డు మీదే నిలబడేవాడు.

"వచ్చాడు," అన్నాను.

"నిజంగ? ఏడ నిలబడ్డడు?"

"మన మెయిల్‌బాక్స్ దగ్గర."

అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత పకపకా నవ్వింది. "పోయింది పీడ. నీ దగ్గరే ఉంచుకో."

అలా నేను కలలు అల్లడం నేర్చుకున్నాను. ప్రతి ఉదయం అక్క తన చిన్నాచితకా కలలు కూడా నాకే చెప్పేసి వెళ్ళేది. మర్నాడు గుడ్ మార్నింగ్ అన్నాకే నేను నా కల చెప్పేదాన్ని. బేస్‌మెంట్‌లో చదివినవన్నీ పనికొచ్చాయి. అతన్ని స్కూల్ బస్సులో కూర్చోబెట్టాను. ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో బియ్యం బస్తాల వెనక నిలబెట్టాను. ఒకసారి బోర్డు మీద స్టాప్‌కి బదులు ఏమీ లేదని, నున్నగా ఎర్రగా ఉందని చెప్పాను. అక్క దుప్పటి కప్పుకుంది. ఎక్కడ ఆపాలో, ఏది చెప్పకుండా వదిలెయ్యాలో నాకు తెలిసిపోయేది. అంతసేపూ నన్ను మ్యూట్ అనేది కాదు.

నమ్మకం గట్టిపడాలని సాక్సులు కూడా కనిపెట్టాను. అక్క కంటే ముందు లేచి, మళ్ళీ నీళ్ళు వస్తున్న బాత్‌రూమ్ కుళాయి కింద నా సాక్సులు తడిపి, పిండి, పరుపు చివర పడేసేదాన్ని. మొదటిసారి వాటిని చూసినప్పుడు అక్క వేలితో ముట్టుకుని, వేలు వాసన చూసింది.

"నీకు భయమైతలేదా?" అని అడిగింది తర్వాత.

"అవుతోంది."

"మరి ఇంకొకరికి చెప్పరాదూ? స్కూల్‌ల ఎవరికన్న?"

"స్కూల్‌లో నాతో ఎవరూ మాట్లాడరు."

అక్క దానికి నవ్వింది. "నిన్ను చంపడు లే. రోడ్డు మీద నిన్ను చూసినా, ఎవరూ లేరనుకోని పోతడు."

ఆమె ఎంత మంచి మాట అన్నా చివర ఇలాంటిది ఒకటి ఉండేది. నేను దాన్ని కూడా డైరీలో రాసుకునేదాన్ని, ఎందుకంటే వాక్యం బాగుంది.

నిద్ర పట్టాక అక్క మారింది. బుగ్గలు తేరుకున్నాయి. ఫోన్ ఇంటర్వ్యూలు వరసగా దాటింది. ఫిబ్రవరి చివర్లో, కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాసే ఒక కంపెనీ వాళ్ళు ఆఖరి రౌండ్‌కి ఆఫీసుకే రమ్మన్నారు. సోమవారం పొద్దున్న. మిగిలిన రోజులు తక్కువ. ఇది తప్పితే ఇంకోటి వచ్చేలోపు టైమ్ అయిపోతుందని నాన్న లెక్క తేల్చి మరీ చెప్పాడు. అక్క భయపడలేదు. "నిద్ర పడుతుంది బాబాయ్ ఇప్పుడు. చాలు," అంది.

ఆ ముందురోజు ఆదివారం మా ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినడం. నాలుగైదు తెలుగు కుటుంబాలు, అల్యూమినియం ట్రేలు, గుమ్మం దగ్గర మంచు నీళ్ళు కారుతున్న బూట్ల గుట్ట. పెద్దవాళ్ళు పైన, పిల్లలు బేస్‌మెంట్‌లో. అక్క ఏ వైపూ కాదు, రెండు చోట్లా తిరిగేది. ఆ రోజు కిందికి దిగి టీవీ ఆపేసింది.

"ఇది వద్దు. లైవ్ షో ఉన్నది. మా మ్యూట్‌కి క్రాసింగ్ అంకుల్ రోజూ కలలొస్తడు. చెప్పవే నిన్నటిది."

పిల్లలు నా చుట్టూ చేరారు. ఒకమ్మాయి అప్పుడే "క్రాసింగ్ ఆంటీ!" అని అరిచింది. అందరూ అదే అందుకున్నారు. అక్క నా భుజం వెనక నుంచి పొడిచింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. గొంతు వణికింది. కానీ మెయిల్‌బాక్స్ మాట వచ్చేసరికి వాళ్ళు అరవడం ఆపారు. తొడుగులు ఒక్కో వేలూ తీస్తున్నాడని చెప్పేసరికి ఒకరినొకరు పట్టుకున్నారు. తొడుగు లోపల ఏముందో చెప్పబోతూ కాసేపు ఆగాను. బేస్‌మెంట్‌లో హీటర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నా జీవితంలో అంతమంది నా మాట కోసం ఆగడం అదే మొదలు.

"ల్-లో-లోపల..." అని అక్క నా గొంతును అనుకరించింది, ముక్కుతో, వణికిస్తూ. పిల్లలు పగలబడి నవ్వారు. నేను అక్కడితో ఆపేశాను. తొడుగు లోపల ఏముందో వాళ్ళకి ఎప్పటికీ తెలియదు.

"ఏయ్, అలిగినవా? జోక్ చేసిన," అంటూ అక్క నన్ను పైకి లాక్కొచ్చింది, అన్నం తినమని.

పైన ఆంటీలు ఎవరి పిల్లల్ని వాళ్ళు తిట్టుకునే పోటీలో ఉన్నారు. ఒకావిడ కొడుకు స్నానం చెయ్యడు. ఇంకొకావిడ కూతురు పప్పు చూస్తే వాంతి చేసుకుంటుంది. మా అమ్మ ఓడిపోయే మనిషి కాదు.

"మీవి నయమండీ. మా దాని సంగతి వింటే నవ్వుతారు. పొద్దున్నే లేచి బాత్‌రూమ్ కుళాయి కింద సాక్సులు తడుపుతుంది. తడిపి, పిండి, తీసుకెళ్ళి పరుపు మీద పెట్టుకుంటుంది. పదిహేడేళ్ళు వచ్చాయి! ముందు పక్క తడుపుతోందేమో, అది దాచడానికేమో అనుకున్నా."

అందరూ నవ్వారు. ఒక అంకుల్ పెరుగన్నం కలుపుకుంటూ అన్నాడు, "పీడకలలేమైనా వస్తున్నాయేమో అమ్మా, కనుక్కోండి."

"కలలా? దీనికా? పుట్టినప్పటి నుంచీ మొద్దు నిద్రండీ. భూకంపం వచ్చినా లేవదు. కల వచ్చిందని ఒక్కనాడు చెప్పిన పాపాన పోలేదు."

అక్క చేతిలో ప్లేటు ఉంది. అందులో పులిహోర మీద చారు పోసుకుంటోంది, చూసుకోకుండా. నేను వెనక్కి నడిచి, గరాజ్ పక్కన బూట్లు విప్పే చిన్న గదిలోకి వెళ్ళి కోట్ల మధ్య నిలబడ్డాను. అక్క వచ్చి తలుపు మూసింది.

"నిజం చెప్పు. ఒక్కసారన్న వచ్చిండా?"

నేను ఒక కోటు గుండీ పట్టుకున్నాను.

"మెయిల్‌బాక్స్? బియ్యం బస్తాలు? ఒక్కటన్న నిజమా?"

కోట్లలోంచి తడి ఉన్ని వాసన వస్తోంది.

"మాట్లాడవే! రేపు నా ఇంటర్వ్యూ."

"నువ్వు నిద్రపోయావు కదా అక్కా," అన్నాను. నాకు దొరికిన మాట అదొక్కటే.

"నిద్రపోయిన." ఆమె తలుపుకి ఆనుకుంది. "వాడు నా దగ్గరనే ఉండంగ, లేడనుకోని నిద్రపోయిన."

ఆ రాత్రి ఆమె పడుకోలేదని పొద్దున్న మంచం చూస్తే తెలిసింది, దుప్పటి మడత విప్పలేదు. బాత్‌రూమ్ తలుపు వేసి ఉంది. లోపల కుళాయి పూర్తిగా తిప్పినట్టుంది, నీళ్ళు జోరుగా పడుతున్నాయి. చాలాసేపు పడ్డాయి. కింది నుంచి అమ్మ, నీళ్ళ బిల్లు ఎవరు కడతారని అరిచింది. అక్క ఆ నీళ్ళకి ఎన్ని కలలు చెప్పిందో నాకు తెలియదు. నాకు ఇచ్చేసినవన్నీ వెనక్కి తీసుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పి ఉంటుంది.

నాన్న వంటింట్లో నిలబడి ఉన్నాడు. "ఇయ్యాల కదలాలె బిడ్డా."

ఆమె కారు తాళాలు తీసుకుంది.

మధ్యాహ్నం తిరిగి వచ్చింది. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ దగ్గర కోటు విప్పకుండా కూర్చుని ఉంది. అమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. నాన్న ఆ రోజు ఇంట్లోంచే పని చేస్తున్నాడు, కప్పుతో వచ్చి నిలబడ్డాడు.

"గదిలకి పోయిన," అంది అక్క. "ముగ్గురున్నరు. నడిమిలాయన పెద్దాయన. లేచి, నవ్వుకుంట చెయ్యి చాపిండు."

అన్నం ప్లేటు కొంచెం అవతలికి జరిపింది.

"షేక్‌హ్యాండ్ ఇయ్యాలె గద?" అన్నాడు నాన్న.

"చెయ్యి రాలేదు బాబాయ్. తెల్లగున్నది ఆయన చెయ్యి. నేను... నమస్కారం పెట్టిన."

నాన్న పెద్దగా నవ్వేశాడు. కాఫీ ఒలికింది. "నమస్కారం పెట్టినవా? అమెరికల ఇంటర్వ్యూకి పోయి నమస్కారం పెట్టొచ్చినవా!"

అమ్మ నవ్వు ఆపుకోవడానికి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఇంటర్వ్యూలో వాళ్ళు ఏమడిగారో ఒక్క ప్రశ్న కూడా వినబడలేదని అక్క చెబుతోంది, కానీ అప్పటికే నాన్న ఫోన్ తీసి ఎవరో అంకుల్‌కి ఈ జోక్ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ వారం అంతా చెబుతూనే ఉన్నాడు. ప్రతిసారీ నమస్కారం ఇంకొంచెం కిందికి వంగేది. చివరికి కాళ్ళకి దణ్ణం పెట్టినట్టు తయారైంది.

వద్దని ఆ కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. మిగిలిన రోజులు కూడా అయిపోయాయి. ఆ రోజుల్లో అక్క నాతో మాట్లాడలేదు. నా గదిలో పడుకోవడం మానేసి, హాల్‌లో సోఫా మీద టీవీ వేసుకుని పడుకునేది. నా మంచం నాకు తిరిగి వచ్చింది. ఒక ఉదయం ఆమె పెదాలు బిగించి మెట్ల కింద నిలబడి ఉంటే, దగ్గరికి వెళ్ళి, "నాకు చెప్పక్కా," అన్నాను. నన్ను తోసుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, నాన్న ముందే కుళాయి తిప్పింది.

నేను చేసింది తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు. ఆ ఇంట్లో ఆమెని నిద్రపుచ్చింది నా అబద్ధం ఒక్కటే. నలుగురిని నవ్వించాలని అమ్మ చెప్పింది నిజం. ఆ నిజం ఆ నిద్రని ఒక్క పూటలో తీసేసింది. ఇప్పుడు నేను క్యారీ అనే వేరే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉంటున్నాను. సీరీస్ కొత్త సీజన్లు వస్తున్నాయి, చూడడం మానేశాను. ఒక్కోసారి పడుకునే ముందు రోడ్డు, మంచు, బోర్డు, అన్నీ వరసగా తలచుకుంటాను, రమ్మని. లైటు ఆరిపోతుంది. తెల్లారుతుంది.

అక్కకి హైదరాబాద్‌లోనే ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. ఫ్యామిలీ గ్రూప్‌లో ఫోటోలు పెడుతుంది. నేను పెట్టిన మెసేజ్‌లకి జవాబు రాదు, ఫోన్ చేస్తే ఎత్తదు. కాబట్టి డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌లో ఆమె అన్నదే నాతో ఆమె అన్న ఆఖరి మాట.

పార్కింగ్ నుంచి టెర్మినల్‌కి వెళ్ళాలంటే ఒక రోడ్డు దాటాలి. అమ్మా నాన్నా సూట్‌కేసులతో ముందే దాటిపోయారు. మేం అంచుకి చేరేసరికి, నారింజ జాకెట్ వేసుకున్న ఒక ఉద్యోగి రోడ్డు మధ్యకి వచ్చి, చేతిలో ఉన్న ఎర్రబోర్డు ఎత్తాడు. కార్లన్నీ ఆగాయి. రండి అన్నట్టు రెండో చెయ్యి ఊపాడు. అక్క కదలలేదు. అవతల నుంచి నాన్న అరుస్తున్నాడు, "అడుగు కదుపు బిడ్డా! ఫ్లైట్ పోతది!" పక్కనున్న కార్లో ఎవరో హారన్ కొట్టారు.

నేను చెయ్యి చాపాను.

అక్క నా చేతిని చూసింది. తర్వాత ఆ జాకెట్ మనిషిని చూసింది. బ్యాగ్ పట్టీ రెండు చేతులతోనూ బిగించి పట్టుకుని, తల వంచుకుని, నన్ను దాటుకుని ఒక్కతే గబగబా రోడ్డు దాటింది. నేను వెనకాల వెళ్ళాను. తలుపుల దగ్గర అమ్మని కౌగిలించుకుంది, నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఇంటర్వ్యూలో కూడా ఇట్లనే పెట్టినవా అని నాన్న ఆఖరిసారి జోక్ వేశాడు. చివరగా నా ముందుకి వచ్చి ఆగింది. నా బుగ్గ మీద చల్లటి వేళ్ళతో తట్టింది. జాలిగా చూసి, నవ్వుతూ అంది.

"పాపం, నీకు కలలు గూడ రావు గదనే."